వారంటీ కార్డు

జహ్రాల నేను ఏసీ మెకానిక్కును.
పదకొండేండ్ల సంది ఇదే పని.
కంప్రెసర్ మీద నంబరు జూస్తే చాలు,
ఏ దేశంల పుట్టిందో, ఏ నెలల డబ్బాకెక్కిందో
చెప్పేస్త.

మా గదిల ఏసీని మాత్రం
నాలుగు రోజులైనా బాగుచెయ్యలే.
కెపాసిటర్ రావాలె, వస్తది, అన్న.
"ఊరందరికి సల్లగాలి, మనకు ఉడుకా మేస్త్రీ?"
నవ్వుకుంట, చాప సంకల వెట్టుకొని
ఓదెలు మిద్దెక్కిండు.

ఆ రాత్రి అవతలి మైదానంల పెండ్లి.
వరుసగ గుడారాలు, యాలకుల కావా వాసన,
సంబురం పట్టలేక మొగులు దిక్కు తుపాకులు.
మేం కింద నిలవడి చూసినం.
అబద్ధమెందుకు, చప్పట్లు గూడ కొట్టినం.

పైకి పోయింది పైననే ఉంటదా?
మామిడికాయకు రాయి ఇసిరిన పిలగానికి గూడ ఎరుకే.

తెల్లారి షఫీకుల్ లేపవోతే
ఓదెలు లేవలే.
చెవులల్ల పత్తి అట్లనే ఉన్నది.
నా గురకకు భయపడి పెట్టుకునే అలవాటు,
నేను లేని మిద్దె మీద గూడ పోలేదు.

కాల్చినాయన దొరికిండు. పెండ్లికొడుకు చిన్నాయన.
కోర్టుల ఏడ్చిండు, దొంగేడుపు గాదు.
ప్రాణానికి పైసలు కడుతనన్నడు.
మెట్‌పల్లి నుంచి ఓదెలు అన్న
ఫోన్ల "సరే సారూ" అన్నడు.
అంతకన్న ఏమంటడు?

చెప్పేదేమన్న ఉన్నదా అని నన్నడిగిండ్రు.
ఉన్నది, అన్న.
మైదానంల ఏరిన ఖాళీ తూటా
అడుగున అక్షరాలున్నయి, సాలు గూడ ఉన్నది.
నాకు అవి చదువుడు అలవాటు.
పోయినేడు ఫహహీల్ల ఒక ఏసీ పేలి
పిలగాని చెయ్యి కాలింది.
వారంల కంపెనీ మనుషులు దిగిండ్రు,
మెడల టై, చేతుల కాయిదాలు.
ఆ నెల చేసిన డబ్బాలన్నిటినీ
లారీలకెక్కించి తీస్కవోయిండ్రు.
మరి ఈ కంపెనోళ్లకు చిట్టీ పోయిందా?
ఆ లారీ ఎప్పుడొస్తది?

మాట మార్చే కోయా సగం అరబ్బీల చెప్పిండు,
సగం మింగిండు.
వకీలు మాత్రం మంచోడు, ఓపికగ వివరించిండు:
"ఏసీ చెడిపోయింది, అందుకే వాళ్లు వచ్చిండ్రు.
తుపాకి చెడిపోలేదు గదయ్యా,
మంచిగనే పనిచేసింది."

మంచిగనే పనిచేసింది.

ఇయ్యాల్టికీ, పానా పట్టి నట్టు తిప్పుతుంటే
నడుమల ఆ మాట అడ్డం పడ్తది.
ఏ సామాను మంచిగ నడిస్తే మనిషి ఆగిపోతడో
దాన్ని చేసినోడు
రాత్రి ఏ చెవిల పత్తి పెట్టుకొని పంటడు?

కేసు కాయిదం మీద అందరి పేర్లున్నయి.
కాల్చినాయన పేరు.
పర్మిషన్ లేక మిద్దెక్కిండని
ఓదెలు పేరు గూడ రాసిండ్రు, క్యాంపు బాసు రాయించిండు.
నా పేరు నేనే రాయించిన:
కెపాసిటర్ మూడు దినార్లు,
నా జేబుల ఉండె, నాలుగు రోజులు బద్ధకించిన.
సంతకం చేసి ఇచ్చిన.
అందరం తలా ఇంత పంచుకున్నంక
గిన్నె అడుగున మాడు లెక్క
ఆ తూటా మీది నంబరు మిగిలింది.
దాన్ని ఎవలూ గోకలే.

పానాల పెట్టె మూత లోపల
ఆ నంబరు రాసుకున్న.
ఒక శుక్రవారం మా దుకాణపు ఫిర్యాదు ఫారం తీసి
నింపుడు మొదలువెట్టిన.
కొన్నోని పేరు: తెల్వది.
వాడినోని పేరు: తెలుసు.
బ్యాచి నంబరు: ఇగో.
నష్టం: సుంకరి ఓదెలు, ముప్పై ఎనిమిదేండ్లు,
టైల్సు పని, ఉప్పు తక్కువ తింటడు.

లోపం ఏంది, అనే గడి దగ్గర
మూడు వారాల సంది ఆగి ఉన్న.

పెన్ను మూత తీసే ఉన్నది.
గదిల ఏసీ సల్లగ తిరుగుతున్నది,
దానికి ఇంక రెండేండ్ల వారంటీ ఉన్నది.