డోలువాడు అమ్మకానికి లేడు

క్లెమెంట్ పోయాక
మేడమీద గదిలో దొరికిన సైన్యం
పదకొండు వందల నలభై.
లెక్కపెట్టింది నేనే, రెండుసార్లు.
రెండోసారి ఒకడు తగ్గాడు.
మంచం కిందా, చీపురులోనా, ఇప్పటికీ తెలియదు.

గోరంత మనుషులు. సీసపు మనుషులు.
నీలం కోట్లు, తెల్ల పట్టీలు,
బొత్తాం బొత్తానికీ రంగు.
ముప్ఫై ఏళ్లు చేపల రేవులో
మంచు పెట్టెలు మోసిన చేతులతో
మా తమ్ముడు పిల్లి మీసమంత కుంచె పట్టుకునేవాడంటే
ఎవరూ నమ్మేవారు కాదు.
నేనూ.

గ్రిమ్స్‌బీలో వీటిని కొనేవాళ్లు లేరు.
పాతసామాన్ల కొట్టు ఆడ్లార్డ్ తూకానికి అడిగాడు:
"సీసమేగా హెస్టర్, కిలో లెక్కన."
అందరినీ మళ్లీ పెట్టెకెత్తుకుని వచ్చేశాను.

పక్కింటి ఇమోజెన్ వేలం పెట్టడం నేర్పింది.
ఫోటో వెనక తెల్ల దిండుగలీబు,
వివరాల్లో నిజం మాత్రమే రాయమంది.
నిజమే రాశాను:
"గుర్రాలు ఇరవై. ఒకదానికి కాలు విరిగి అతికించిన గుర్తు.
పొగతాగే ఇంట్లోవి.
ఏ యుద్ధమో నాకు తెలియదు.
వీళ్లు గెలిచారో ఓడారో కూడా తెలియదు."

ఏడు రోజులు ఏమీ కదలదు.
రెండు పౌండ్లు. రెండు పౌండ్లు. రెండు పౌండ్ల పది పెన్నీలు.
ఆఖరి నిమిషంలో, టీ చల్లారేలోగా
ఎక్కడెక్కడివాళ్లో మీద పడతారు.
నలభై. యాభై ఐదు. తొంభై ఒకటి.
సుత్తి లేదు, ఒకటోసారి రెండోసారి అనే గొంతు లేదు,
అంకె ఆగిపోతుంది, అంతే,
ఆసుపత్రి తెర మీద గీత ఆగినట్టు.
వద్దు, ఆ పోలిక తీసేస్తున్నాను.
క్లెమెంట్ నిద్రలో పోయాడు. ఏ తెరా లేదు.

నీలికోట్ల మూటలన్నీ ఒక్కడే గెలుస్తున్నాడు.
టాంపెరె, ఫిన్‌లాండ్.
ఎంత పెరిగినా వెనక్కి తగ్గడు.
డబ్బున్న మారాజు కాబోలు అనుకుని
తపాలా ఖర్చులో రెండు పౌండ్లు ఎక్కువే వేశాను,
ఒప్పుకుంటాను.

మూడో పార్సెల్ చేరాక ఉత్తరం వచ్చింది.

"అమ్మా, వీటికి మొదట రంగు వేసింది నేను.
ఒక్కొక్కడి పీట అడుగున మూడు చుక్కలుంటాయి, చూడండి.
కాగితం మిల్లు మూసేసిన ఏడాది
అద్దె కోసం అమ్మేశాను. కొన్నది మీ తమ్ముడే.
అడిగినదానికంటే ఎక్కువ పంపాడు.
లెక్క తప్పాడని తెలిసీ తిరిగి పంపలేదు.
ఒక్క సంగతి అడగాలి.
వీళ్లకి కళ్లెవరు పెట్టారు?
నా చెయ్యి వణికేది, కళ్ల జోలికి పోలేదు,
టోపీ నీడ పడిందిలే అని సర్దిచెప్పుకునేవాణ్ణి.
పన్నెండేళ్ల తరవాత పెట్టె విప్పితే
అందరూ నన్నే చూస్తున్నారు.
మీ, ఏరో లెహ్తొవారా."

భూతద్దం వెతికాను.
మిగిలినవాళ్లని ఒక్కొక్కణ్ణే దీపం కిందికి తెచ్చాను.
ఉన్నాయి.
తెల్ల చుక్క, దానిమీద నల్ల చుక్క,
ఆవగింజలో పదోవంతు.
రాత్రి రెండింటికి మేడమీద దీపం వెలుగుతుంటే
కరెంటు బిల్లని కింద నుంచి అరిచేదాన్ని.

ఒక డోలువాడికి మాత్రం ఒక్క కన్నే.
రెండోది పెట్టేలోగా
సరే.

ఆ మూట వేలం కట్టేటప్పుడు దిద్ది రాశాను:
"పందొమ్మిది మంది. డోలువాడు అమ్మకానికి లేడు."
ధర పడిపోతుందని ఇమోజెన్ ఒకటే గోల.
పడింది.
టాంపెరె ఆయనకే, ముప్ఫై ఒకటికి.

ఈ ఉదయం తపాలా ఆఫీసులో
కస్టమ్స్ కాగితం అడిగింది, వస్తువులెన్ని?
పందొమ్మిది అని రాసి, కొట్టేసి,
ఇరవై అని రాశాను.
అగ్గిపెట్టెలో దూది, దూదిలో వాడు,
వాడి పక్కన నా చీటీ:
"ఒక కన్ను బాకీ ఉంది. చెయ్యి వణికినా ఫరవాలేదు."
తపాలా ఈసారి ఉన్నదే తీసుకున్నాను.

విలువ అన్న గడి దగ్గర కలం ఆగింది.
వెనక వరసలో ఎవరో దగ్గారు.
ముప్ఫై ఒకటి అని రాసేశాను.