విభూది బుధవారం, మిర్చి యార్డు

ఐదున్నర పూజ నుంచి
నుదుటి మీద బూడిదతో, నా ఆటోలోనే
సరాసరి యార్డుకొచ్చింది మా అమ్మ.
టిక్కీల మధ్య చోటు చూసుకుని
తేజా కాయల తొడిమలు తుంచడం మొదలెట్టింది.

"శివరాత్రి వెళ్ళి మూడ్రోజులైంది గదా లూర్దమ్మా,
ఇప్పుడా గుడికెళ్ళడం?" అంది కోటమ్మ.
"మాది వేరే బూడిదలే."
అంతకు మించి చెప్పడం అమ్మకి రాదు.

నిరుడు మట్టలాదివారం తెచ్చి
మరియమాత సురూపం వెనక దోపిన ఈతమట్ట
ఎండి, చిట్లి, మొన్న ఫాదర్ గారి పళ్ళెంలో కాలి
ఆమె నుదుటికొచ్చింది.
మట్టకీ మట్టికీ తేడా
ఒక్క గుడే.

అవతలి వరసలో రూతమ్మ,
ఆదివారమంతా మైకు పెట్టే సంఘం ఆమెది,
"బొమ్మలకి దణ్ణాలు, నుదుటికి బూడిద!
మీరసలు మావాళ్ళేనా?" అంది, నవ్వుతూనే.
కోటమ్మకి మేం రూతమ్మ లెక్క.
రూతమ్మకి మేం కోటమ్మ లెక్క.
మేస్త్రీ చిట్టాలో అమ్మ పేరు నూర్దమ్మ.
కూలి సరిగ్గా వస్తోందని
పదేళ్ళుగా దిద్దించలేదు.

ఆరో తరగతిలో నేను
బడి కుళాయి దగ్గర తుడిచేసుకునేవాణ్ణి,
గంట కొట్టేలోపు
అందరిలాగా అయిపోవాలని.
అందరూ ఎలా ఉంటారో అడిగితే
చెప్పలేకపోయేవాణ్ణి.
ఇవాళ ఆటో అద్దంలో చూసుకున్నాను, ఇంకా ఉంది.
బస్తాలెక్కించే కుర్రాళ్ళు ఎవరూ ఏమీ అడగలేదు.
అడిగితే బాగుండేదేమో.

పదకొండింటికి గుంటూరు ఎండ ముదిరింది.
చెమటకి బూడిద కరిగి కనుబొమ దాటింది.
తుడుచుకోబోయి ఆగింది అమ్మ;
చేతినిండా కారం.
ఎడం కన్ను మూసుకుని, తల వంచుకుని
తుంచుతూనే ఉంది.

బీబీజాన్ లేచొచ్చింది.
సీసా నీళ్ళతో కొంగు చివర తడిపి
కన్ను వరకే తుడిచింది.
నుదురు దగ్గర చెయ్యి ఆపి, చూసి,
వెనక్కి తీసుకుంది.
"రేపట్నుంచి నాకు రోజాలు,
నీళ్ళ సీసా నువ్వే తెచ్చుకో" అంది.

అమ్మ ఒంటికన్నుతోనే తలూపి
ఇంకో కుప్ప దగ్గరికి లాక్కుంది.