ఇరవై ఏడో గమనిక

పుంటా అరేనాస్‌లో మార్చి నెలాఖరు.
జలసంధి మీంచి వచ్చిన గాలి
ప్రెస్సు రేకు తలుపుని బాదుతోంది,
బాకీ వసూలుకొచ్చినవాడిలా.

నా పేరు నెలిదా ఒయార్సున్.
ఇరవై రెండేళ్లుగా
ఇతరుల కామాలు సరిచేసి బతుకుతున్నాను.
ఈ రాత్రి నా బల్ల మీద
టెలిఫోను కంపెనీ వార్షిక నివేదిక,
నూట నలభై పేజీలు.
తెల్లారేలోగా శాంటియాగోకి పంపాలి,
పదింటికి వాటాదార్ల సభ.

మొదటి పేజీల్లో అందరూ నవ్వుతున్నారు.
ఛైర్మను, గొర్రెల కాపరి, కాపరి చేతిలో ఫోను,
వెనక మంచులో కడిగినట్టున్న టవరు.
అక్కడ అక్షరాలు బఠాణీలంత.
లోపలికెళ్లేకొద్దీ ఆవగింజలు.
ఇరవై ఏడో గమనిక దగ్గర
భూతద్దం తీశాను.

దావాలు, వివాదాలు.
పోటీ కంపెనీతో తరంగాల గట్టు తగాదా.
పన్నుల శాఖతో మూడేళ్ల పద్దులు.
బిల్లు ఎక్కువేశారన్న పదకొండు వేలమంది
ఒకే వాక్యంలో ఇరుక్కుని.
ఆఖర్న, బర్రియా కుటుంబం.
అంతే.
ఎవరు పడ్డారో లేదు, ఎంత ఎత్తునుంచో లేదు.

నలభై రెండు మీటర్లు.

ఇది చిన్న ఊరు, నాకు తెలుసు.
ఎవారిస్తో బర్రియా
రొట్టెల కొట్లో నా ముందు నిలబడేవాడు,
తొడుగులు చంకలో ఇరికించుకుని
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టేవాడు.
ఆ ఆగస్టు చలిలో తాడు మార్చమన్నాడట.
వచ్చే నెల చూద్దామన్నాడట కాంట్రాక్టరు.
"అట"కి కోర్టులో చెల్లుబాటు లేదు.
ఆరేళ్లుగా వాయిదాలు.

నిరుటి ప్రతి పక్కన పెట్టుకోవడం నా అలవాటు.
వరుస కింద వేలు జరుపుతూ పోతున్నాను.
నిరుడు: పరిహారం చెల్లించవలసి వచ్చేలా ఉంది.
ఈ ఏడు: చెల్లించవలసి రావచ్చు.

వచ్చేలా ఉంటే
లాభంలోంచి ఆ సొమ్ము తీసి పక్కన పెట్టాలి.
రావచ్చు అంటే పెట్టక్కర్లేదు,
చిన్నక్షరాల్లో చెబితే చాలు.
రాకపోవచ్చు అంటే ఆ చెప్పడం కూడా ఉండదు.
ఇన్నేళ్లలో ఆ మాత్రం నేర్చుకున్నాను.

నాలుగో పేజీకి తిప్పాను.
లాభం నిరుటికన్నా కాస్త పెరిగింది.
ఆ కాస్త ఎంతో తీసివేసి చూశాను.
పెన్సిలు కింద పెట్టేశాను.

శాంటియాగోకి ఫోను చేస్తే
ఎవరో కుర్రాడు, నిద్ర లేని గొంతు.
"అచ్చు తప్పా మేడమ్?"
కాదన్నాను.
"మరైతే అది మన పని కాదు కదా" అన్నాడు,
మర్యాదగానే.
ఇంకేదో అనబోతుండగా లైను తెగింది.
ఆ టవరు మీంచే మాకు సిగ్నలు.
గాలి రేగితే అంతే.
కాసేపటికి ఫోను వెలిగింది:
మీ బ్యాలెన్సు అయిపోవచ్చింది.
నాదొక్కదాని లెక్క మాత్రం
పైసాతో సహా వాళ్లకి తెలుసు.

మళ్లీ అద్దం మీదికి వంగాను.
అప్పుడు కనిపించింది,
బర్రియాలో ఒక అక్షరం నెత్తిన
ఉండాల్సిన వాలు గీత లేదు.
అది లేకపోతే మా భాషలో
ఊనిక పక్కకి జారి
అదింకెవరి పేరో అయిపోతుంది.
ఇది అచ్చు తప్పే.
ఇది నా పనే.
ఎర్ర సిరాతో పెట్టాను.
కనురెప్ప వెంట్రుకంత గీత.
అది దేనిలా ఉందో చెప్పను.

ఐదున్నరకి ఫైలు వెళ్లిపోయింది.
ఆడిటర్ల సంతకాల కింద
కాగితం ఏ రకమో కూడా రాస్తారు,
నా పేరు రాయరు.

నిరుటి పుస్తకం రహస్యమేం కాదు.
ఎవరైనా చదవొచ్చు,
అందుకే ఎవరూ చదవలేదు.
పేజీ మూల మడిచి సంచిలో వేసుకున్నాను.
ఏడింటికి రొట్టెల కొట్టు తీస్తారు,
అప్పటికింకా చీకటే.
వరుసలో ఎవారిస్తో భార్య ఓతిలియా
ఉండవచ్చు.
నేను నోరు విప్పవచ్చు.

నిరుటి మాటే రాయాలని ఉంది
నా గురించి.