రెండు సోళ్ల చాక్లెట్టు

లిమా ఊరి చివర, మా కొండకి రెండు వందల ముప్ఫై మెట్లు.
నీళ్ల లారీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది,
పొగమంచు మాత్రం మా గుమ్మం దాకా ఎక్కి వస్తుంది
జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పిలవకపోయినా.

ఆరోగ్య కేంద్రంలో నర్సు యాదిరా వేలు పొడిచి
ఒక్క చుక్క తీసి
‘తొమ్మిది పాయింట్ నాలుగు’ అంది,
బియ్యం ధర చెప్పినట్టు.
పదకొండు ఉండాలట.
ఆ తగ్గిన ఒకటిన్నర చిల్లర
నాలుగేళ్ల పిల్లలో ఎక్కడ జారిపోయిందో
ఏ జేబు వెతకను?

ఇనుము సిరప్ ఇచ్చారు.
తుప్పు మేకు చప్పరించినట్టుందని గోడ మీద ఉమ్మింది.
ఆ మరక ఇంకా ఉంది,
దీపం వెలిగిస్తే పడుకున్న లామాలా కనిపిస్తుంది.

నా కూతురు తెల్లవి తింటుంది.
అన్నం, బంగాళాదుంప, రొట్టె లోపలి మెత్తన.
పచ్చగా ఏది కనబడినా చిటికెన వేలితో
పళ్లెం అంచుకి నెట్టేస్తుంది.
పప్పులో ఉల్లిపాయని వాసనతోనే పసిగడుతుంది.
ముద్ద ముద్దకీ ఓ పంచాయితీ.
విమానం వస్తోంది, నోరు తెరువమ్మా అంటే
విమానాశ్రయం మూసేశారు అంటుంది.

పేట వంటశాలలో నా వంతు మంగళవారం.
అరవై పళ్లాలు, ఒక్క గ్యాసు బండ,
సెనోబియా చేతిలో నా భుజమంత గరిట.
ఆమె నా గోడు సాంతం వినలేదు.
‘బజారుకి పో. కోళ్ల కొట్లో నెత్తురు అడుగు.
రెండు సోళ్లు. దానికి ఎవరూ బేరమాడరు.’

సంచిలో అది గడ్డకట్టి వణుకుతూ వచ్చింది.
ఉల్లి, వెల్లుల్లి, గుప్పెడు పుదీనా వేసి ఉడకబెట్టాం.
చల్లారాక నలిపితే
తడిసిన కాఫీ పొడిలా రాలింది.
వాసన పోయిందో లేదోనని మూడుసార్లు ముక్కు పెట్టాను.
మరీ మాగి ఎవరూ కొనని అరటిపళ్లు నాలుగు,
ఓట్సు, గుడ్డు, గీరిన బెల్లం,
కోకో రెండు చెంచాలు, పోనీ మూడు.
మూతపెట్టి సన్న సెగ.
పక్కన నారింజ తొన ఉండాలంది సెనోబియా,
పులుపు తోడుంటేనే ఇనుము ఒంటబడుతుందట,
టీని మాత్రం గుమ్మం తొక్కనివ్వొద్దంది.

‘చాక్లెట్ కేకు’ అన్నాను.
అబద్ధం అంత తియ్యగా నా నోట ఎప్పుడూ రాలేదు.

యాదిరా మూడు ముక్కలు తింది.
వేళ్లు నాకింది. నాలుగోది అడిగింది.
నేను తొట్టి వైపు తిరిగి
పళ్లెం కడిగాను,
కడిగిన పళ్లాన్నే మళ్లీ కడిగాను.

ఆరో మంగళవారం
సంచి బల్ల మీద మరిచి నీళ్లకి దిగాను.
తిరిగొచ్చేసరికి స్టూలెక్కి
వేలితో గడ్డని పొడుస్తోంది,
నర్సు తన వేలిని పొడిచినట్టే.

‘అమ్మా, ఇది నాదా?’

బకెట్టు దించడం మరిచాను.
‘కాదు. కోడిది.’
‘కోడి నాకిచ్చిందా?’
ఇచ్చిందని చెప్పలేను.
‘కొనుక్కున్నాం’ అన్నాను.
‘ఎంతకి?’
‘రెండు సోళ్లు.’
కాసేపు లెక్క వేసుకుంది, లెక్కలు రాని పిల్ల.
తర్వాత రెండు చేతులూ చాపింది, కడగమని.

ఆ రోజు నలిపింది తనే.
మోచేతుల దాకా పూసుకుని,
నాలుక ఓ పక్కకి పెట్టి,
ఒక్క ఉండ కూడా మిగలకుండా.

మధ్యాహ్నం వరసలో
పక్కింటి ఐర్టన్, మూడేళ్లవాడు,
నల్లగా ఉందేంటని మూతి తిప్పాడు.
యాదిరా నా వైపు చూడకుండానే
‘చాక్లెట్’ అంది.

నిన్న నర్సు పది పాయింట్ ఏడు అంది.
మిగతా మూడూ దారిలో ఉన్నాయి కాబోలు,
మా మెట్లు మరి.

క్యారెట్టు మాత్రం ఇవాళ్టికీ పళ్లెం అంచునే,
నాలుగు ముక్కలు,
బుద్ధిగా, వరసలో.