జరగండి

సుర్లా రోడ్డులో ఏడూ పది బండి
ఏడున్నర దాటాక వస్తుంది,
తలుపుల్లోంచి మనుషులు
మొగలిపొద ముళ్ళలా పొడుచుకొచ్చి.
ఆగేది రెండు నిమిషాలు.
రెండు చెప్పులూ నాతోపాటే ఎక్కితే
అది మంచి రోజు.

"జరగండమ్మా, జరగండి" అని వెనక నుంచి.
"ఘుంచ, ఘుంచ" అని పక్క నుంచి.
రెండు భాషలు అరిచినా
పెట్టెలో ఏదీ జరగదు.
నూకరత్నం ఎండునెత్తళ్ళ గంప ఒక్కటే
తలల మీదుగా సాగిపోయి
మరుగుదొడ్డి తలుపు దగ్గర దిగుతుంది.
"మీకు కంపు, నాకు కూడు" అంటుందామె
ముక్కు మూసుకున్న కాలేజీ కుర్రాణ్ణి చూసి.
వాడికి ముక్కు మూసుకునేందుకు
చెయ్యి ఎలా ఖాళీ దొరికిందో!

నేను సంచీని గుండెకి హత్తుకుని
ఒక చెయ్యి పైకి లేపుతాను.
లేచిన చెయ్యి బరంపురం దాకా దిగదు.
గోలంత్రా దాటేసరికి
అది నాదో పరాయిదో తెలియదు.
నడుముకి మాత్రం అన్నీ తెలుస్తాయి:
ఏ మోచెయ్యి పాపం పొరపాటుది,
ఏది కాదు.
పమిట మడతలో పిన్నీసు ఉంది.
దానికన్నా నమ్మకం
నా ముందు నిలబడే ఆమె.

మూడేళ్ళు ఆమె మెడ వెనక నిలబడ్డాను.
కర్పూరం కాచిన కొబ్బరినూనె,
ముడి కింద కందిగింజంత పుట్టుమచ్చ,
ఎడమ చెవి తమ్మె తెగి కుట్టిన గీత.
నాకన్నా ముందే ఎక్కి ఉండేది.
నన్ను ఎవరైనా నెడితే
తన వీపుతో నన్ను ఆపేది.
కునుకొస్తే ఆమె భుజం మీద
నా నుదురు దానంతటదే వాలేది.
ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.
తిరిగే చోటేదీ?
దిగగానే నేను ఆసుపత్రి దారి,
ఆమె ఎటో.

పెద్దాసుపత్రిలో చీటీలు రాస్తాను.
చెయ్యి పట్టేంత కిటికీ,
అందులో ముఖాలు,
ముఖం వెనక ముఖం.
పేరు, వయసు, ఊరు, గది నెంబరు. తరవాత.
"ఘుంచ, ఘుంచ" అంటాను,
పొద్దున తిన్న మాటే
పదింటికి అందరికీ వడ్డిస్తాను.

ఆ సోమవారం ఒక ముఖం:
కళ్ళ కింద నలుపు, పెదవి పగిలి.
ఝునూ నాహక్, నలభై ఒకటి, ఇచ్ఛాపురం.
ఆంధ్రా వైపు ఒడియా మనిషి,
ఒడిశా వైపు తెలుగుదాన్ని నేను.
ఇలాంటివి ఇక్కడ ఎవరూ ఆగి చూడరు.
నేనూ ఆగలేదు.
ఆమె ఏదో అడగబోయింది.
"ఘుంచ" అన్నాను.
జరిగింది.
జరిగి, అటు తిరిగింది.

ముడి కింద పుట్టుమచ్చ.

లేచాను. కుర్చీ గోడకి తగిలింది.
"ఏయ్" అన్నాను, పేరు అప్పుడే రాసి కూడా.
అప్పటికే కిటికీ నిండా
ఇంకొకరి ముఖం.

మర్నాడు ఏడూ పది బండిలో ఆమె చోట
టిఫిన్ క్యారియర్‌తో ఓ పెద్దాయన.
ఆ మర్నాడు ఎవరో అమ్మాయి.
ఒకరు తగ్గారని గుంపుకి తెలియదు,
నీళ్ళలోంచి చెంబు తీసినట్టు
వెంటనే పూడుకుంటుంది.
నా నుదురికి తెలుస్తోంది.

మధ్యాహ్నం రిజిస్టరు తిరగేశాను.
ఆ రోజు రెండు వందల ముప్ఫై పేర్లు.
ఆమె వరుస దొరికింది.
గది నెంబరు దగ్గర
నా రాతే నాకు అర్థం కాలేదు,
ఒకటో, ఏడో.
ఒకటి అయితే జ్వరాలు.
ఏడు అయితే, ఏడో గది మెట్ల మీద
జనం ఊరికే కూచుని ఉంటారు, మాట్లాడుకోరు.

ఇప్పుడు బండి ఎక్కగానే
మెడలు వెతుకుతాను.
వెనక నుంచి ఎవరో
"జరగమ్మా" అంటారు.
జరుగుతాను, ఒక వేలెడు.
నా వీపు మీద
ఎవరిదో నుదురు ఆనింది ఇవాళ,
వెచ్చగా, నిద్రలో.
కదలకుండా నిలబడ్డాను.