సీటు కింద

లాడ్జి సెంటర్లో ఎర్రలైటు పడిందా,
నా ఓమ్నీకి వణుకు.
గేరు లివరు గజగజ,
అద్దంలో వెనక బస్సు రెండుగా.
"బండికి చలేస్తోంది మామా"
ముందుసీటు పాప.
గుంటూరులో, ఏప్రిల్లో!
పచ్చలైటు వచ్చేసరికి ఆగిపోయి ఉండేది.
వెనక హారన్లు. లోపల పదకొండు మంది పిల్లలు,
పదకొండు సలహాలు.

ప్లగ్గులు మార్చాను.
కార్బురేటర్ విప్పించి కడిగించాను, రెండుసార్లు.
ఐడిల్ స్క్రూ బిగిస్తే రంకెలు,
వదిలితే ప్రాణం వదిలేది.
తూకానికి వేసెయ్యమన్నాడు మా బావమరిది.

ఆటోనగర్లో బాజీ ఏదీ విప్పలేదు.
పద్నాలుగేళ్ళుగా నేను కూర్చునే సీటు ఎత్తాడు.
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.
బానెట్టు లేని బండి కదా, అతని టీ
నా డాష్‌బోర్డు మీద చల్లారింది.

"విను."
నాకు ఇంజను తప్ప ఏమీ వినపడలేదు.
నా చెయ్యి పట్టుకుని
ఒక రబ్బరు గొట్టం మీద వేలు పెట్టించాడు.
చర్మాన్ని సన్నగా లోపలికి లాగింది గాలి.
చీలిక, మినపగింజంత.

నొక్కితే ఇంజను కుదుటపడింది.
తీస్తే మళ్ళీ వణుకు.
నొక్కాను. తీశాను. నొక్కాను.

"గొట్టం నలభై రూపాయలు. ఇంక తియ్యి" అన్నాడు బాజీ.

కాసేపు
తియ్యబుద్ధి కాలేదు.