నునుపు

చీమకుర్తిలో తవ్వితే చీకటి వస్తుంది.
క్రేనుకి వేలాడుతూ, తడితడిగా,
లారీకి రెండు దిమ్మెల చొప్పున.
మా కొట్టు ముందు పడేది అందులో విరిగిన ముక్క.
దాని మీద నేను పోయినవాళ్ళ ముఖాలు కొడతాను,
మొనకి వజ్రపు రవ్వ ఉన్న ఉలితో.
ముఖానికి మూడు వేలు. మీసమున్నా అదే రేటు.

రాయి కొనడానికి జపాను నుంచి వచ్చినాయన
పోతా పోతా అరచేయంత కాగితం ఇచ్చిపోయాడు.
నిండా నలుపు. మధ్యలో ఒక్క వెల్లుల్లి రెబ్బ,
పొట్టు సగం ఊడి.
అంతే బొమ్మ.
వాళ్ళ చెల్లెలు వేసిందంట, రాగిరేకు మీద.

డ్రైవరు జిలానీ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి చెప్పాడు:
ముందు రేకంతా గాయం చేస్తుందంట,
పళ్ళున్న వంకీ కత్తిని ఉయ్యాల ఊపినట్టు ఊపి
అడ్డంగా, నిలువుగా, ఐమూలగా
ఇరవై రోజులు.
ఆ గరుకులో సిరా దాక్కుంటుంది. అప్పుడు అచ్చేస్తే
ఉత్త చీకటి.
తర్వాత గీకి, రుద్ది, నున్నగా చేసిన చోటల్లా
సిరా నిలవక, కాగితం తెల్లగా పైకొస్తుందంట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా.
నాకు నునుపంటే నలుపు.
పాలిష్ మిషను దగ్గర మా ఆడోళ్ళు
మోకాటి బురదలో నిలబడి తెచ్చే నలుపు.
నేను దెబ్బ కొడితేనే అక్కడ తెల్లబడుతుంది.
ఆమె గాయం మాన్పితే వెలుగు,
నేను గాయం చేస్తే వెలుగు.
ఏ ఓడలోనో మా రాళ్ళు ఆమె ఊరికే పోతున్నాయేమో.

సంతనూతలపాడు నుంచి అంకమ్మ వచ్చింది,
కూతురి ఆధార్ కార్డు పట్టుకుని.
"ఇందులో ఉండేది దాని మొహం కాదబ్బాయ్" అంది.
చూస్తే నాకూ అలాగే అనిపించింది.

ఎప్పుడూ మూడు రోజుల పని. ఈసారి తొమ్మిది.
వెల్లుల్లి రెబ్బని పలక పక్కన ఆనించుకుని
ఎక్కడ కొట్టకూడదో చూసుకుంటా కూర్చున్నా.
కంటి కింద వదిలేశా. మెడ వంపు వదిలేశా.
జుట్టంతా రాయికే వదిలేశా.

అంకమ్మ ఏడవలేదు.
కొంగు తడిపి దుమ్ము తుడిచి
వంగి, ఇంకా వంగి,
"ఎడం చెవి కింద పుట్టుమచ్చ...
నీకెవరు చెప్పారయ్యా?"

నేను పెట్టలేదు.
అది రాతిలోదే, రాగిరంగు మెరుపు,
మనుషులు పుట్టకముందు చల్లారిన నిప్పుది.

చెబుదామనే నోరు తెరిచాను.
అప్పటికే ఆమె బొటనవేలు
ఆ చుక్క మీద
మెల్లగా రుద్దుతా ఉంది.